పాత కెంపుల అడ్డిగ, ఏడు రాళ్ల కమ్మలు: మొత్తం తూకానికి 22 క్యారెట్ల రేటు అంటున్నారు, సరేనా?

శ్రావణి_చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరులో ఒక అంగట్లో రెండు పాత నగలు మాట్లాడి పెట్టినాం. అడ్వాన్సు ఇంకా ఇయ్యలేదు. ఒకటి కెంపుల అడ్డిగ, మెడకి వేసుకునేది: 40 కెంపులు, మధ్యలో పెద్ద పచ్చ, కింద 11 ముత్యాలు. వెనకంతా బంగారు రేకుతో మూసేసి ఉంది. తూకం 42.300 గ్రాములు. రెండోది ఏడు రాళ్ల కమ్మలు జత, తెల్లరాళ్లు, అవీ వెనక మూసినవే. 9.600 గ్రాములు.

అంగడాయన చెప్పేది ఇదీ: నగలు 80 ఏళ్ల నాటివి, కెంపులు బర్మావి, కమ్మల్లోవి బ్లూ జాగర్ రవ్వలు, అంటే నీలిఛాయ వజ్రాలు. అడ్డిగకి మొత్తం తూకం మీద ఈరోజు 22 క్యారెట్ల రేటు. రాళ్లకి విడిగా పైసా లేదు, తరుగు లేదు, మజూరి లేదు. కమ్మలకి మాత్రం రవ్వల ధర వేరే. హాల్‌మార్కు దేనికీ లేదు, పాతవి కాబట్టి అక్కర్లేదు అంటున్నారు.

అడగాల్సినవి మూడు. ఈ లెక్క న్యాయమేనా? నగ పగలగొట్టకుండా బంగారం, రాళ్లు పరీక్ష చేయించే దారి ఉందా? బిల్లులో ఏం రాయించుకోవాలి? అడ్డిగ అమెరికాలో ఉండే మా చెల్లెలికి.

గీటురాయి:

అమ్మా, "రాళ్లకి విడిగా పైసా లేదు" అన్నారే, ఆయన లాభమంతా ఆ మాటలోనే ఉంది. రాయి, ముత్యం, లోపల నింపిన లక్క, అన్నీ బంగారం రేటుకే తూగుతున్నాయి. తరుగు, మజూరి తీసుకోకపోయినా ఆయనకి వచ్చే నష్టం ఏమీ లేదు.

మూసిన కట్టడం ఎట్లా ఉంటుందంటే, బంగారు గూడు లోపల లక్క పోసి, దాని మీద తళుకు రేకు పరిచి, రాయి కూర్చి, అంచున మేలిమి బంగారు రేకు నొక్కుతారు. బయటికి కనిపించేది బంగారమూ రాయీ. తూకంలో లక్క కూడా ఉంటుంది.

లెక్క సులువుగా ఉండేందుకు మేలిమి గ్రాము 10,000 రూపాయలు, 22 క్యారెట్లు 9,160 అనుకుందాం. ఆయన లెక్కలో 42.300 ఇంటూ 9,160 అంటే 3,87,468 రూపాయలు. ఇప్పుడు నగ లోపలికి వెళ్దాం. కెంపు ఒక్కోటి 0.4 క్యారెట్ అనుకుంటే 40 కెంపులు 16 క్యారెట్లు. రాళ్ల తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాము కాబట్టి 3.2 గ్రాములు. పచ్చ, ముత్యాలు కలిపి 2.4. లక్క 3.1 అనుకోండి. ఇవి తీసేస్తే నికరం 33.600 గ్రాములు. అది కూడా 22 క్యారెట్లే అని ఎవరూ రాసియ్యలేదు. అతుకులు ఎక్కువ ఉండే పాత నగ కరిగిస్తే 84 శాతం దగ్గర నిలబడడం వింతేమీ కాదు. 84 అనుకుంటే మేలిమి 28.224 గ్రాములు, అంటే 2,82,240 రూపాయలు. తేడా 1,05,228.

ఇందులో రాళ్ల తూకం, లక్క తూకం, శాతం మూడూ నా ఊహే. మీ నగకి ఈ మూడు అంకెలూ తెలుసుకోవడమే మీ పని. ఆ మూడూ తెలిసేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

పనితనానికి విలువ లేదని కాదు. ఇదే కూర్పు కొత్తగా చేయిస్తే తరుగు, మజూరి కలిపి 15 నుంచి 25 శాతం దాకా అడుగుతారు. కాబట్టి నికరం బంగారం విలువ మీద 10, 12 శాతం ఎక్కువ పెట్టడంలో తప్పు లేదు, నగ చెక్కుచెదరకుండా ఉంటే. కానీ ఆ ఎక్కువ ఎంతో మీకు తెలిసి ఇవ్వాలి, తూకంలో కలిసిపోయి పోకూడదు.

తిరుపతి_కిట్టు:

ఇంత లెక్క ఎందుకన్నా? హాల్‌మార్కింగ్ సెంటర్‌కి తీసుకుపోయి మిషన్ కింద పెడితే రెండు నిమిషాల్లో శాతం చెప్పేస్తుంది కదా. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలే, అయిదు, అంతకన్నా ఎక్కువైతే వస్తువుకి 45.

గీటురాయి:

కిట్టూ, పోవాల్సిందే. ఆ 200 ఖర్చు పెట్టకుండా ఎవరూ పాత నగ కొనకూడదు. అయితే ఆ ఎక్స్‌రే మిషన్ చదివేది పైపొరనే, అదీ మైక్రాన్ల లోతులో. నగ మీద ఎక్కడ పెడితే అక్కడి మాటే చెప్తుంది. కెంపు అంచు మీద పెడితే అక్కడ నొక్కింది మేలిమి రేకు కాబట్టి 98, 99 చూపిస్తుంది. అదే చీటీ తెచ్చి "చూడండి, 24 క్యారెట్ల నగ" అనేవాళ్లు ఉంటారు. వెనక రేకు మీద ఒకసారి, కొక్కెం మీద ఒకసారి, రెండు గూళ్లు కలిసే అతుకు మీద ఒకసారి, ముత్యం వేలాడే కమ్మీ మీద ఒకసారి పెట్టించండి. వెనక రేకు 88, అతుకు 70 వస్తే ఆశ్చర్యపోవద్దు. పైన పూత వేసి ఉంటే అన్నిచోట్లా ఒకే అంకె ఎక్కువగా వస్తుంది. చేతిపని పాత నగలో అన్నిచోట్లా ఒకే అంకె వస్తే దాన్నే అనుమానించాలి.

పూత ఉందేమో అనిపిస్తే కొక్కెం లోపలి వైపు చిన్నగా ఆకురాయితో గీకి, ఆ గీత మీద మిషన్ పెట్టాలి, లేదా గీటురాయి మీద గీసి ఆసిడ్ చుక్క చూడాలి. ముత్యాల దగ్గర మాత్రం ఆసిడ్ వద్దు, తాకితే ముత్యం మెరుపు పోతుంది.

పక్కా శాతం కావాలంటే బంగారం ముక్క తీసి కొలిమిలో పరీక్షించాలి, అది ఇలాంటి నగకి కుదరదు. ఇంకోటి, సెంటర్ వాళ్లు మనలాంటివాళ్లు తెచ్చిన నగకి పరీక్ష రిపోర్టు ఇస్తారు గానీ హాల్‌మార్కు ముద్ర వెయ్యరు. ముద్ర రిజిస్టరైన వ్యాపారి ద్వారానే పడుతుంది.

పాతపని_ఆచారి:

"80 ఏళ్లు" అన్న మాట ముందు తేల్చుకోండి. పాత నగ వేరు, యాంటిక్ నగ వేరు. అంగళ్లలో యాంటిక్ అని అమ్మేది మొన్న చేసి నల్లరంగు పట్టించిన కొత్త నగ. దానికి తప్పేమీ లేదు, కొత్త నగ ధరకి అమ్మినంతవరకు.

చూడాల్సిన చోట్లు చెప్తా. కొక్కేలు, కమ్మీ వలయాలు ఒకదానికొకటి రాసుకునే చోట బంగారం అరిగి సన్నబడాలి, గుండ్రంగా ఉండాల్సిన వలయం లోపల్నుంచి పల్లం పడాలి. మెడకి తగిలే వెనక వైపు నున్నగా, మెత్తని అంచులతో ఉండాలి. నలుపు గుంటల్లో, రాయి చుట్టూ ఉండాలి, ఎత్తుగా ఉండే చోట్ల రాపిడికి పోయి ఉండాలి. ఎత్తు పల్లం తేడా లేకుండా సమానంగా నల్లగా ఉంటే అది మందు పెట్టిన నలుపు. గూళ్లన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో, అంచు వెంబడి సన్నని గీతతో ఉంటే అచ్చులో పోసినవి. చేత్తో కట్టినవాటిలో ఏ రెండు గూళ్లూ ఒకటిగా ఉండవు, కమ్మీ కూడా అక్కడక్కడా మందం మారుతుంది.

ముద్రల సంగతి. మన దేశంలో బంగారానికి బీఐఎస్ (కేంద్ర ప్రమాణాల సంస్థ) హాల్‌మార్కు 2000లో మొదలైంది. అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, 2021 జులైలో వచ్చింది. 80 ఏళ్ల నగ మీద ఇవి ఉండవు, ఉంటే తర్వాత కొట్టించినవి. 916 అనో, కేడీఎం అనో ఒంటరిగా ఉండే ముద్ర హాల్‌మార్కు కాదు. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన అతుకు, నగ శాతం కాదు. 80 ఏళ్ల నగ అంటూ దాని మీద కేడీఎం ముద్ర చూపిస్తే ఆ రెండు మాటలూ కలవవు. కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్లు కూర్చే పనికి తప్పనిసరి హాల్‌మార్కు నుంచి మినహాయింపు ఉంది. అంగడాయన "అక్కర్లేదు" అనడంలో అంతవరకు నిజం ఉంది. నగ పాతదైనందుకు కాదు, కూర్పుని బట్టి.

ఇంక చాలామంది చూడకుండా వదిలేసేది సీసం. ఎప్పుడో విరిగిన చోట మంట పెడితే లక్క కరిగిపోతుందని భయపడి, తక్కువ వేడిలో సీసంతో అతికేవాళ్లు ఉన్నారు. అతుకు దగ్గర బూడిదరంగు మచ్చ ఉంటే అదే. ఆ నగని తర్వాత ఎవరైనా మంటలో పెడితే సీసం బంగారంలోకి పాకి గుంతలు పడతాయి, బంగారం పెళుసై విరుగుతుంది. బాగు చేయాలంటే సీసాన్ని అంతా గీకి తీసేసిన తర్వాతే అతుకు. ఆ మచ్చలు మూడు, నాలుగు ఉంటే ధరలో తగ్గించమనండి, ఎక్కువ ఉంటే వదిలేయండి.

కమ్మలకి ఒక మాట. పాత కమ్మల మర కాడ లావుగా ఉంటుంది, ఇప్పటి చెవిరంధ్రాలకి పట్టదు. కాడ మార్చాలంటే వెనక లక్క తీసి, కాడ అతికి, మళ్లీ లక్క పోసి రాళ్లు కూర్చాలి. ఆ పని తెలిసినవాళ్లు అంగడికొకరు కూడా లేరిప్పుడు. కొనేముందే ఎవరి చెవికో వాళ్లకి పెట్టి చూడండి.

రాళ్లపెట్టె:

నగ పాతదైతే రాయి అసలుదే అన్న నమ్మకం ఒకటి మన ఊళ్లలో గట్టిగా ఉంది. కెంపుల విషయంలో అది నిలవదు. వెర్న్యూయి అనే ఫ్రెంచాయన మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో బయటపెట్టాడు. ఆ తర్వాత ఆ రాయి ప్రపంచమంతా పాకింది. మీ నగ నిజంగా 80 ఏళ్లదే అయినా అందులో చేసిన కెంపు ఉండొచ్చు, దాన్ని కూర్చినవాళ్లకే తెలియకుండా.

చేసిన కెంపు కూడా రసాయనంగా కెంపే. గట్టితనం 9, బరువు, మెరుపు అన్నీ అవే. గీసి చూడడం, గట్టితనం చూడడం పనికిరావు. పది రెట్లు పెద్దగా చూపే లూపుతో లోపల చూడాలి. గాలి బుడగలు, గ్రామఫోను రికార్డు గాడుల మాదిరి వంపు గీతలు కనిపిస్తే మంటలో చేసింది. సూదుల్లాంటి సన్నని తీగలు కోణాల్లో అల్లుకుని, రంగు అక్కడక్కడా తేడాగా ఉంటే భూమిలోంచి వచ్చింది అనడానికి ఆధారం. అస్సలు ఏ మచ్చా లేని 40 కెంపులు, అన్నీ ఒకే రంగు అంటే నేనైతే రాళ్లకి సున్నా కడతాను.

అతినీల కిరణాల టార్చి పెట్టి "ఎర్రగా వెలుగుతోంది, బర్మా కెంపు" అంటారు. చేసిన కెంపు కూడా వెలుగుతుంది, చాలాసార్లు అంతకన్నా ఎక్కువ. ఆ టార్చితో తెలిసేది వేరొకటి: 40 రాళ్లలో 33 వెలిగి 7 నల్లగా ఉండిపోతే ఆ ఏడూ తర్వాత మార్చినవి కావచ్చు, గాజో గార్నెట్ అనే వేరే ఎర్రరాయో అయ్యుండొచ్చు.

మూసిన కట్టడంలో ఇంకో చిక్కు తళుకు. పాలిపోయిన రాయి కింద ఎర్ర తళుకు పెడితే పైనుంచి పావురం నెత్తురు రంగు, అంటే మేలైన కెంపు ఎరుపు, కనిపిస్తుంది. నగని అడ్డంగా, బాగా పక్కకి వంచి అంచు లోంచి చూడండి. ఒక కోణంలో రంగు హఠాత్తుగా పోతే రంగు తళుకుది, రాయిది కాదు. పచ్చకి కూడా ఇదే. పాత నగల్లో మధ్య పచ్చ గాజు కావడం చాలా మామూలు. గాజు మెత్తన కాబట్టి పలకల అంచులు అరిగి గుండ్రబడి ఉంటాయి, లోపల గుండ్రని బుడగలుంటాయి. నిజం పచ్చ లోపల నాచు పట్టినట్టు చీలికలు ఉంటాయి.

ముత్యాల రంధ్రంలోకి లూపుతో చూడండి. లోపల ఒక గుండు, దాని మీద పొర, మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తే పెంచిన ముత్యం. గీత లేకపోతే సహజం అనుకోవద్దు, అది తేల్చేది ల్యాబ్‌లో ఎక్స్‌రేనే.

కమ్మలకి వద్దాం. బ్లూ జాగర్ అన్న పేరు దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటీన్ గని నుంచి వచ్చింది. మన దగ్గర ఇప్పుడు నీలిఛాయ ఉన్న ఏ తెల్ల రవ్వకైనా ఆ పేరే వాడేస్తున్నారు. వెనక మూసి, కింద తళుకు పెట్టిన రాయికి రంగు గ్రేడు చెప్పడం ఎవరి వల్లా కాదు, ఆ పేరుకి విడిగా డబ్బు పెట్టకండి. చెయ్యగలిగింది, 14 రాళ్లనూ ఒక్కొక్కటిగా పరీక్షించడం. వేడిని బట్టి కూసే పెన్ను ఒక్కటి చాలదు, వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే రాయికి కూడా అది వజ్రం అనే కూస్తుంది. వేడీ కరెంటూ రెండూ చూసే టెస్టర్ కావాలి. పెన్ను కొన బంగారానికి తగలకూడదు, రాయికీ రాయికీ మధ్య కాసేపు ఆరనియ్యాలి, లేకపోతే చిన్న రాళ్లు వేడెక్కి తప్పు చెప్తాయి. ఏడు రాళ్లలో ఒకటో రెండో రాలిపోయి జిర్కాన్ పెట్టి ఉండడం చాలా మామూలు. ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని మాత్రం ఈ పెన్ను పట్టుకోలేదు. పాత కోత అయితే ఆ భయం తక్కువ: పైనుంచి చూస్తే నడిమధ్యన చిన్న గుండ్రని కిటికీ లాగా కనిపిస్తుంది, అది కింద కొనని చదునుగా కోసినందువల్ల.

రవ్వల ధర సెంట్లలో అడగండి. 100 సెంట్లు ఒక క్యారెట్. 2.5 మిల్లీమీటర్ల గుండ్రని రాయి 6 సెంట్ల దగ్గర ఉంటుంది, పాత కోత పలచగా ఉంటే ఇంకా తక్కువ. అంటే మీవి ఆ కొలతే అయితే 14 రాళ్లు కలిపినా క్యారెట్‌కి లోపే. రెండు క్యారెట్లు అని రాసిస్తే ఒప్పుకోకండి.

బజారువీధి:

కాగితాల మాట నేను చెప్తా. బిల్లులో మొత్తం తూకం, రాళ్ల తూకం, నికరం తూకం మూడూ వేరువేరు గళ్లలో ఉండాలి. శాతం అంకెల్లో ఉండాలి. "కెంపులు" అని కాదు, "సహజ కెంపులు" అని రాయమనండి. రాయనంటే ఆయనకే నమ్మకం లేదన్నమాట. సహజం కాదని ఫలానా రోజుల్లో ల్యాబ్ చెప్తే వాపసు తీసుకుంటామని ఒక వాక్యం రాయించుకోండి. జీఎస్‌టీ 3 శాతం. ధర 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు, నగదు 2 లక్షలు, అంతకన్నా ఎక్కువ తీసుకోకూడదు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఆ నగ ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడగండి. దొంగసొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కొన్నవాళ్ల మీద కూడా కేసు. దేవుడి నగ పోలికలుంటే, అంటే వెనక గుర్తులు, కట్టడానికి వీలుగా పెద్ద కొక్కేలు, మనిషి మెడకి మించిన కొలత, అది మన జిల్లాలో అసలు ముట్టుకోవద్దు.

అమెరికా సంగతి: 100 ఏళ్లు దాటిన నగ 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. 80 ఏళ్లది అయితే ఆ అడ్డు లేదు. అంగడాయన ధర పెంచడానికి సరదాగా "వందేళ్ల నగ" అని బిల్లులో రాసేస్తే ఎయిర్‌పోర్టులో చిక్కు మీది.

శ్రావణి_చిత్తూరు:

అందరికీ చాలా థాంక్స్. అంగడాయనతో మాట్లాడినాం. నికరం తూకం మీద ధర కట్టడానికి ఒప్పుకున్నారు గానీ రాళ్లు, లక్క కలిపి 4 గ్రాములే తీసేస్తామంటున్నారు. కావాలంటే ఒక కెంపు విప్పి చూపిస్తారట. ఏ రాయి విప్పించాలి? విప్పాక ఏం కొలవాలి? కొన్నాక కుంకుడుకాయ రసంతో కడగొచ్చా?

పాతపని_ఆచారి:

విప్పే రాయి మీరే ఎంచండి అక్కా, ఆయన చూపించింది కాదు. కొక్కెం పక్కన ఉండే చిన్న రాయి వద్దు, నడుమ వరసలో మామూలు కొలత రాయి. మీ ముందే విప్పాలి. విప్పే ముందు నగ మొత్తం మిల్లీగ్రాము తూచే కాటా మీద తూచండి. రాయి తీశాక రాయిని విడిగా, ఆ గూట్లోని లక్క సూదితో గీకి విడిగా తూచండి. ఆ రెంటినీ 40తో హెచ్చవేస్తే కెంపుల భాగం దాదాపుగా తేలుతుంది. పచ్చ గూడు పెద్దది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ వేసుకోవాలి. ముత్యాలు దారం మీదో కమ్మీ మీదో ఉంటాయి, దారమైతే విప్పి తూచొచ్చు, మళ్లీ గుచ్చించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

రాళ్లపెట్టె:

కాటా చిన్న తూకాలకి సరిగ్గా లేకపోతే కొలతతో సరిచూసుకోండి. కోత కెంపు అయితే పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో హెచ్చవేసి 0.008తో హెచ్చవేస్తే క్యారెట్లు వస్తాయి. 5, 4, 2.5 అయితే 0.4 క్యారెట్. పలకలు లేకుండా నున్నగా ఉబ్బిన రాయి అయితే దాదాపు 0.01తో. విప్పిన ఆ ఒక్క రాయినే వేలూరో చెన్నైయో ల్యాబ్‌కి పంపితే సహజమా కాదా తేలిపోతుంది, మిగతా 39 గురించి కూడా సగం తెలిసినట్టే.

కడగడం మాత్రం వద్దు. నీళ్లు అంచు లోంచి దిగితే తళుకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు అవుతుంది, దానికి తిరిగి తళుకు వేయించడం తప్ప మందు లేదు. వేడినీళ్లు, అల్ట్రాసోనిక్ మిషన్ అసలే వద్దు, లక్క కదులుతుంది. మెత్తని పొడి బ్రష్షు, పొడి గుడ్డ చాలు. సెంటు కొట్టుకున్నాక వేసుకోవడం కాదు, సెంటు ఆరాక వేసుకోవాలి, ముత్యాల కోసం.

గీటురాయి:

4 గ్రాములు అన్నారు కదా, విప్పిన గూట్లో రాయి 80, లక్క 60 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. 140 ఇంటూ 40, కెంపులకే 5.6 గ్రాములు. పచ్చ, ముత్యాలు ఇంకా కలపలేదు. ఆ కాటా చీటీ ఆయన ముందు పెట్టి మాట్లాడండి.